అరుగుదల కానిది

మహార్ణవ చరిత్ర చెప్పమంటే మొగలిపేట మరమ్మతు యార్డులో ఎవరైనా సరే ముందొక నిట్టూర్పు విడుస్తారు. ఆ విమానవాహక నౌకను గీసింది ఒక దేశం. సగం కట్టి, ఓపిక అయిపోయి, పదకొండేళ్ళు తుప్పుకు వదిలేసిందీ ఆ దేశమే. ఇంకో దేశం దాన్ని కొనుక్కుని, విమానాలు దిగడానికి వీలుగా పై డెక్కును ఒక పక్కకు ఏటవాలుగా పెంచింది. ముచ్చట తీరాక మనకు అమ్మేసింది. మనవాళ్ళు ముక్కు భాగాన్ని పైకి వంచి, ఇంజన్లు మార్చి, రంగులు వేసి, కొబ్బరికాయ కొట్టి నీళ్ళలోకి దింపారు. పద్నాలుగు వందల మంది మనుషులు, ఇరవై ఆరు విమానాలు, ఒక చివర నిలబడితే రెండో చివర మనిషి ముఖం ఆనవాలు పట్టలేనంత పొడవు. అంతా బాగానే ఉంది. కానీ నక్షలు మాత్రం మూడు భాషల్లో ఉండేవి. మూడింటికీ ఒకదానితో ఒకటి పొసగదు. ఏ భాగమైనా విరిగితే అడుగుదామన్నా మనిషి లేడు. మొదట తయారు చేసిన కంపెనీ ఏనాడో చేతులు మారి వంటింటి కుళాయిలు చేసుకుంటోంది.

ఆ తలనొప్పి తీర్చడానికే డాక్టర్ మైలపల్లి కస్తూరి తొమ్మిదేళ్ళు కూర్చుని ఒక యంత్రాన్ని తయారు చేసింది. కాగితాల్లో దాని పేరు లోహ పూర్వరూప యంత్రం. యార్డులో అందరూ తొలిరూపు అనేవారు.

అరిగిపోయిన భాగాన్ని దాని పొట్టలో పెడితే చాలు. ఏళ్ళ తరబడి బరువు మోసిన లోహంలో లోపలి రేణువులు ఒక వైపుకు ఒరుగుతాయి. ఎక్కడ ఎంత ఒరిగాయో తొలిరూపు పొర పొరగా చదివి, పైన ఒకప్పుడు ఎంత మందం ఉండేదో లెక్కగట్టేది. అంటే, ఆ భాగం ఫ్యాక్టరీ గడప దాటిన రోజున ఎలా ఉందో చెప్పేది. పక్క గదిలో రెండో యంత్రం లోహపు పొడితో అచ్చం అలాంటిదే పేర్చేది. నక్షలతో పని లేదు, కుళాయిల కంపెనీతో అంతకన్నా లేదు.

ఆ సోమవారం పొద్దున కస్తూరి ముందుకు వచ్చినది నాలుగు వందల పన్నెండో భాగం. మహార్ణవలో మార్చవలసిన భాగాల జాబితాలో అదే ఆఖరిది. కొబ్బరికాయంత ఉక్కు కోన్. విమానం డెక్కు మీద దిగేటప్పుడు దాని తోక కొక్కెం అడ్డంగా పరిచిన వైరును పట్టుకుంటుంది. ఆ వైరు డెక్కు కింద నూనె నిండిన పెద్ద గొట్టాన్ని లాగుతుంది. ఆ గొట్టం వాల్వులో కూర్చుని, నూనె ఎంత వేగంగా పోవాలో నిర్ణయించేది ఈ కోనే. విమానం బరువును బట్టి ఆపరేటరు డెక్కు అంచు నుంచే దాన్ని ముందుగా సర్దిపెడతారు. గంటన్నర తరువాత తెరమీద బొమ్మ వచ్చింది. కోన్ అంచు చుట్టూ బొటనవేలి గోరంత మందం పోయిందని, దాన్ని నింపాలని తొలిరూపు చూపించింది. పక్కన ఎప్పటిలాగే ఒకటే మాట: అరుగుదల.

కస్తూరి అనుమతి మీట నొక్కింది. గదిలో ఉన్న నలుగురూ చప్పట్లు కొట్టారు. ఆమెకు కళ్ళు చెమర్చాయి.

*

ఆ సాయంత్రం ఆమె పాత కోన్‌ను ఇంటికి పట్టుకెళ్ళింది. తుక్కులోకి పోయే సరుకే కనక గేటులో సంతకం పెడితే ఇచ్చారు. తండ్రికి చూపించాలని ఆమె ముచ్చట. ఎల్లాజీకి డెబ్బై ఒకటి. మహార్ణవ మొగలిపేటకు వచ్చిన రోజు నుంచి ఉద్యోగం దిగిపోయేదాకా దాని వైర్ల షాపులో ఫిట్టరుగా చేశాడు. భార్య పోయాక కూతురి దగ్గరే ఉంటున్నాడు. పెళ్ళి మాట ఎత్తితే కూతురు పని ఉందనేది, ఆయన కూడా అడగడం మానేశాడు.

ఆయన షాపులో ఒక ఆనవాయితీ ఉండేది. పెద్ద ఫిట్టరు దిగిపోయే ముందు నెల రోజులు, తన తరువాతివాడి చెయ్యి పట్టుకుని ఒక్కో భాగం మీదా వేళ్ళు తిప్పించేవాడు. ఇక్కడ చూడు, ఇక్కడ చూడు అనేవాడు తప్ప కాగితం మీద ఒక్క ముక్క రాసేవాడు కాదు. ఎల్లాజీ కూడా అలాగే నేర్పి దిగిపోయాడు. ఆయన నేర్పినవాళ్ళు దిగిపోయే వేళకు తొలిరూపు వచ్చింది. షాపు మూసేశారు. ఎవరి చెయ్యి పట్టుకుని నేర్పాలో తెలియక వాళ్ళు ఊరికే ఇళ్ళకు పోయారు.

ఎల్లాజీ కోన్‌ను ఒళ్ళో పెట్టుకుని అంచు చుట్టూ వేలు తిప్పాడు. ఒక చోట ఆగాడు. మళ్ళీ తిప్పాడు. కొత్తది కూడా ఇలాగే చేశారా అని అడిగాడు.

“ఇలాగెందుకుంటుంది నాన్నా? ఇది అరిగిపోయింది కదా. కొత్తది మొదటి రోజు ఎలా ఉందో అలాగే చేశాం” అంది కస్తూరి.

“మొదటి రోజు ఉన్నట్టేనా?”

“వెంట్రుకవాసి తేడా లేదు.”

ముసలాయన ఏదో అనబోయి పెదవి కదిపాడు. కస్తూరికి అది తెలిసింది. షాపు మూసేసినందుకు లోపల ఎక్కడో కినుక ఉంది, దాన్ని కదిలిస్తే పొద్దుపోయేదాకా పాత రోజుల పురాణం విప్పుతాడు అనుకుంది. చేతిపని రోజులు పోయాయి నాన్నా అని నవ్వుతూ అనేసి, స్నానానికి వెళ్ళిపోయింది. ఎల్లాజీ ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశాడు. చేపల పులుసులో ఉప్పు ఎక్కువైందన్నాడు. ఉప్పు సరిగ్గానే ఉంది.

*

పరీక్ష గురువారం పెట్టారు, తీరానికి నలభై మైళ్ళ దూరంలో. కస్తూరి డెక్కు పక్కన ఎత్తుగా ఉండే గది అద్దాల వెనక నిలబడింది. మొదటి విమానం దిగింది, వైరు పట్టింది, మెత్తగా ఆగింది. రెండోది అలాగే. రెండూ నిండు బరువుతో వచ్చినవి. మూడోది ఇంధనం చాలావరకు ఖర్చు చేసుకుని తేలిగ్గా వచ్చింది.

అది కొక్కేనికి వైరు తగిలించుకుని పరుగెత్తింది. ఇంకో ముప్ఫై గజాల్లో ఆగాలి అనగా ముందు నుంచి ఎవరో గట్టిగా తోసినట్టు ఒక్క కుదుపు కుదిపింది. వైరు తెగింది. దిగేటప్పుడు కూడా ఇంజనును పూర్తి జోరు మీదే ఉంచుతారు కనక విమానం డెక్కు చివర దాకా పోయి, నీళ్ళకు తగిలినంత పని చేసి మళ్ళీ పైకి లేచింది. దాంట్లోని మనిషి బతికాడు. తెగిన వైరు మాత్రం డెక్కు మీద ఒక్క చుట్టు తిరిగింది. హద్దు గీత వెనకాల, నిలబడవలసిన చోటే నిలబడిన వల్లభరావు అనే నావికుడికి తగిలింది. అతనికి ఇరవై ఆరేళ్ళు. వైద్యుడి గదికి చేర్చేలోపే పోయాడు.

కస్తూరి అద్దానికి చెయ్యి ఆనించుకుని అలా ఉండిపోయింది. ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. ఆమె కూర్చోలేదు.

*

ఓడ రేవుకు చేరిన మర్నాడే, శుక్రవారం, విచారణ బోర్డు కూర్చుంది. దానికి పెద్ద కెప్టెన్ చెంగప్ప. గొంతు పెంచని మనిషి, తొందరపడని మనిషి. ఆయన ముందున్న ప్రశ్న చిన్నది. వాల్వు తప్పా, వాల్వును సర్దిన మనిషి తప్పా? సర్దింది గుమ్మా ఝాన్సీ అనే ఆపరేటరు. ఇరవై ఎనిమిదేళ్ళది, ఆరేళ్ళుగా ఆ పని మీదే ఉంది. వైరు తెగిన అదురుకు బరువు చూపించే ముల్లు ఎగిరిపోయింది కనక ఆమె ఎంత బరువుకు పెట్టిందో చూపించే ఆధారం ఏదీ మిగల్లేదు. ఉన్న ఆధారమల్లా కస్తూరి ఇవ్వవలసిన నివేదిక. కోన్‌ను విప్పి కొలిచారు. పాత నక్షల్లో ఒకదానితో, తొలిరూపు లెక్కతో, రెండింటితోనూ అచ్చుగుద్దినట్టు సరిపోయింది. భాగం సరైనదే అయితే తప్పు మనిషిదే. సోమవారం లోగా సంతకం పెట్టి ఇమ్మన్నారు.

బయట నడవలో ఝాన్సీ బెంచీ మీద కూర్చుని ఉంది. కస్తూరిని చూసి లేచి నిలబడింది.

“ఆ విమానానికి పెట్టాల్సిన పదకొండు టన్నులే పెట్టాను మేడమ్. రెండుసార్లు చూసుకున్నాను. వల్లభ నా ఎదురుగానే ఉన్నాడు, చెయ్యి ఊపాడు. నేనెందుకు తప్పు పెడతాను?”

కస్తూరి ఆమె భుజం తట్టి వచ్చేసింది. తన లెక్క తప్పలేదు. ఈ పిల్ల అబద్ధం ఆడుతున్నట్టూ లేదు. రెండూ నిజమైతే ఆ మనిషి ఎలా చచ్చిపోయాడు?

ఇంటికి వచ్చేసరికి తండ్రి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కబురు తెలిసినప్పటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదని పక్కింటావిడ చెప్పింది. కస్తూరి చెప్పులైనా విప్పకముందే ఆయన అడిగాడు.

“తేలిక బండికేనా తెగింది?”

ఆ సంగతి ఏ పేపర్లోనూ రాలేదు. నీకెలా తెలుసు నాన్నా అంది. ఎల్లాజీ గోడకు చేరగిలబడి, కళ్ళు ఎత్తకుండా చెప్పుకొచ్చాడు.

ఇరవై తొమ్మిదేళ్ళ కిందట, ఓడ వచ్చిన రెండో ఏడాది, ఇలాగే తేలిక విమానానికి ఇలాగే వైరు తెగింది. ఆ రోజు డెక్కు అంచున నిలబడి వాల్వు సర్దింది యార్డు తరఫున వెళ్ళిన అప్పన్న. ఎల్లాజీకి షాపులో జతగాడు. ఇద్దరూ బావా అంటే బావా అనుకునేవారు. వైరు అప్పన్ననే కొట్టింది. అప్పుడూ కోన్ కొలిచారు, నక్షకు సరిపోయింది, బరువు తప్పు పెట్టాడని చచ్చినవాడి మీద రాసేశారు. ఎల్లాజీకి మాత్రం అనుమానం. తప్పు నక్షలోనే ఉంది. తేలిక విమానానికి ఆఖరి గజాల్లో ఆ అంచు నూనెను ఒక్కసారిగా మూసేస్తోంది. మర్నాడు అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు ఆకురాయి తీసుకుని కోన్ అంచును చుట్టూ వాలుగా అరగదీశాడు. బొటనవేలి గోరంత. ఆ తరువాత ఒక్క వైరూ తెగలేదు.

“రాయలేదా ఎక్కడా?”

“నక్ష దాటి ఆకురాయి పెడితే ఛార్జి మెమో, ఉద్యోగం ఊస్టింగు. షాపులో ఎవుడు రాసేడమ్మా? అందరం సేసినాం. సేతికి సేతికి సెప్పుకున్నాం, అంతే. ఒక రోజు ఆగి సెప్దాంలే అనుకున్నాను. ఒక రోజు ఏడాది అయిపోనాది. ఆ తర్వాత నోరు రానేదు.”

“మరి మొన్న? ఆ కోన్ నీ ఒళ్ళోనే ఉందిగా నాన్నా. మొన్న ఎందుకు చెప్పలేదు?” ఆమెకు కోపం ఆగలేదు. అరుపులాగే వచ్చింది.

“సెప్దామనే నోరు తెరిసేను. నీ మొకం సూసి...” ఎల్లాజీ తువ్వాలు కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. “బావ మీద నింద నిలబెట్టి ఉద్యోగం సేసినోడినని నా కూతురికి ఎలా సెప్పీది?”

ఆయన నోరు తెరవడం తను చూసింది. చూసి, నవ్వి, స్నానానికి వెళ్ళింది. ఆ కోపం తండ్రి వైపు సగం దూరం కూడా పోలేక తన మీదికే తిరిగి వచ్చింది.

*

తెల్లవారగానే ఆమె ల్యాబుకు వెళ్ళి పాత కోన్‌ను భూతద్దం కింద పెట్టింది. నూనె వల్ల అరిగిన గీతలు నూనె పోయే దారి వెంటే ఉంటాయి. అంచు మీద మాత్రం, ఇరవై తొమ్మిదేళ్ళ నూనెకు సగం చెరిగిపోయి, అడ్డంగా సన్నటి గీతలు ఉన్నాయి. మనిషి చెయ్యి ముందుకు, వెనక్కి కదిలిన గీతలు.

తొలిరూపు అబద్ధం చెప్పలేదు. అక్కడ ఒకప్పుడు లోహం ఉన్న మాట నిజమే. అదెలా పోయిందన్నది దానికి తెలియదు. దాని భాషలో పోయిందంటే అరిగిందనే. అరుగుదల అనే మాట నేర్పింది కస్తూరి, ఇంకో మాట నేర్పనిదీ కస్తూరే. ఒకడి ప్రాణం పోయాక ఇంకొకడు దిద్దిన తప్పును, ఆమె యంత్రం శ్రద్ధగా మళ్ళీ మొదటికి తెచ్చి పెట్టింది.

అప్పుడు ఆమెకు మిగతా నాలుగు వందల పదకొండూ గుర్తొచ్చాయి. లిఫ్టు చక్రాలు, నీళ్ళు చొరబడకుండా మూసే నీటి తలుపుల గొళ్ళేలు, బాంబుల గది వాల్వులు. అందరం చేశాం అన్నాడు తండ్రి. ఓడ ఇంకో పద్దెనిమిది రోజుల్లో దూరదేశం వెళ్ళాలి. పాత భాగాలన్నీ తుక్కు యార్డులో కుప్ప పోసి ఉన్నాయి, సోమవారం లారీ వస్తుంది. శని, ఆదివారాలు రెండే చేతిలో ఉన్నాయి. ఆమె ఫోను తీసి చెంగప్పకు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తండ్రి పేరు కూడా దాచలేదు. ఆయన, మీ నాన్నగారిని తీసుకురండి, గేటులో నేను చెప్తాను అన్నాడు.

ఎల్లాజీ తుక్కు కుప్ప ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. ఒక్కో భాగం అందించడం, ఆయన వేలితో తడమడం, కస్తూరి సుద్దముక్కతో దాని మీద రాయడం. చాలావాటికి అరుగుదలే అని పక్కన పడేసేవాడు. ఏ పదింటికో ఒకటి చేతిలో ఆగిపోయేది.

“ఇది సింహాద్రి సెయ్యి. ఎడం సేతివాటం, గీత ఇలాగ పడతాది. లిఫ్టు దిగినప్పుడు ఊగిసలాడతంటే ఇక్కడ గాడి ఎట్టేడు” అనేవాడు. ఇంకోటి అందుకుని, ఇది పైడిరాజు చేసిందని, వాడిది మహా మొరటు చెయ్యి గాని ఆలోచన మాత్రం బంగారమని చెప్పేవాడు. అందరూ పోయినవాళ్ళే. పేరు చెప్పినప్పుడల్లా ఒక్క క్షణం ఆగేవాడు. మూడు నక్షల ఓడ అనుకున్నారు అందరూ. ఎవరూ గీయని నాలుగో నక్ష ఒకటి ఈ కుప్పలో పడి ఉందని కస్తూరికి అప్పుడు అర్థమైంది.

ఆదివారం పొద్దుగుంకేసరికి కోన్‌తో కలిపి ముప్ఫై ఎనిమిది తేలాయి. ఆఖరిది నీటి తలుపు గొళ్ళెం. ఎల్లాజీ దాన్ని చాలాసేపు తిప్పాడు.

“సేతి పనే. ఎవుడిదో తెలీదు. ఎందుకు అరగదీసేడో తెలీదు. ఏదో జరిగే ఉంటాది తల్లీ. ఊరికినే ఎవుడూ ఆకురాయి ఎట్టడు.”

కస్తూరి దాని మీద ఏం రాయాలో తెలియక ఒక ప్రశ్న గుర్తు పెట్టింది. ఆ తలుపు వెనక ఓడలో నూట పది మంది పడుకుంటారు.

*

సోమవారం బోర్డు ముందు ఎల్లాజీ నిలబడే మాట్లాడాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. తను చేసింది చెప్పాడు, చెప్పనిది చెప్పాడు. తరువాత కస్తూరి లేచి, పరీక్షకు మూడు రోజుల ముందు తండ్రి తనను ఒక ప్రశ్న అడిగాడని, ఎందుకడుగుతున్నావని తను తిరిగి అడగలేదని, అది కూడా నమోదు చెయ్యమంది. అవసరమా అన్నట్టు చూశాడు చెంగప్ప. అవసరమే అంది.

ఝాన్సీ మీద ఏ మాటా పడలేదు. తొలిరూపును ఆపేశారు. ముప్ఫై ఎనిమిది చోట్లా కొత్తవి విప్పి పాతవి బిగించమన్నారు. ఆ గొళ్ళెం సంగతి తేలేదాకా ఓడ కదలకూడదని రాశారు. ఎల్లాజీ ఒక్కటే అడిగాడు, అప్పన్న మీద రాసింది కొట్టెయ్యగలరా అని. ఆ పాత ఫైలు ఏనాడో నాశనం చేసేశారు. లేని కాగితాన్ని ఎవరు కొట్టేస్తారు? చెంగప్ప ఆలోచించి, కొత్త నివేదికలోనే అప్పన్న తప్పు లేదని ఒక పేరా చేర్చి, దాని నకలు ఎల్లాజీ చేతిలో పెట్టాడు.

ఆ నకలు పట్టుకుని తండ్రీకూతుళ్ళు అప్పన్న భార్య రాములమ్మ ఇంటికి వెళ్ళారు. ఈ ఇరవై తొమ్మిదేళ్ళూ ఏటా అప్పన్న తద్దినానికి ఎల్లాజీ ఆ ఇంటికి వెళ్ళేవాడు. ఆమె మొదటి విస్తరి ఆయనకే వేసేది. ఇప్పుడు వేళ కాని వేళ వచ్చినందుకు కంగారుపడి చాప వేసింది. ఎల్లాజీ చాప మీద కూర్చోకుండా నేల మీద కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. కాగితం ఆమె ముందు పెట్టాడు. రాములమ్మ దాన్ని ముట్టుకోలేదు.

“ఆయన తప్పు లేదని నాకు ఆ రోజే తెలుసన్నా” అంది మెల్లగా. “నీకూ తెలుసని, అదొక్కటే తెలీలేదు.”

లేచి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. వాళ్ళు కాసేపు చూసి, కాగితం గాలికి పోకుండా గడప మీద ఒక రాయి బరువు పెట్టి వచ్చేశారు.

బస్సు తమ వీధి మలుపుకు రాగానే ఎల్లాజీ కడ్డీ పట్టుకుని లేచాడు. కస్తూరి లేవలేదు. ఆ బస్సు బొండపాలెం దాకా పోతుంది. వల్లభరావు తల్లి ఉండేది బొండపాలెంలోనే. కండక్టరు దిగేదుంటే దిగమని కేక వేశాడు. ఎల్లాజీ కూతురి ముఖం చూసి, మళ్ళీ ఆమె పక్కన కూర్చున్నాడు. ఇద్దరికీ బొండపాలెం టిక్కెట్లు ఇమ్మన్నాడు.